తూకంలో పెరిగిన మందు

పైడితల్లి రెండేళ్లు కష్టపడి ఒక మందు చేసింది. నాలుగు కర్బన పరమాణువులూ రెండు నత్రజని పరమాణువులూ ఉంగరంలా కూడిన పదార్థానికి ఒక కొత్త తోక తగిలించింది. అలాంటి ఉంగరంతో నులిపురుగుల మందులు ఇదివరకే ఉన్నాయి. ఆమెది వాటికన్నా పదునైనది. మొదటి పరీక్షలో గిన్నెలో పురుగులన్నీ చచ్చాయి.

నెల తర్వాత పరీక్ష చేసేవాళ్లు అదే సీసాలోంచి తూచి వేస్తే సగం పురుగులు హాయిగా ఈదుతున్నాయి.

"పరీక్ష చేసేవాళ్లకి శ్రద్ధ లేదు మాస్టారూ. నా మందుకేం లోటు లేదు," అంది, సీసాతో జోగారావు మాస్టారి గదిలోకి వస్తూనే. "ఇవాళే ఫిర్యాదు రాస్తాను. ఊరుకుంటే ఈ మందు పనికిరాదని కొట్టేస్తారు."

జోగారావు మాస్టారు ఆమెకు పీహెచ్‌డీ గైడు. సముద్రపు గాలి కొట్టే ఆ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లుగా ఇలాంటి కోపాలు చాలానే చూశారు.  సీసా అందుకుని చిటికెడు తెల్లపొడి త్రాసు మీద వేశారు. త్రాసుకున్న అద్దం తలుపు మాత్రం మూయలేదు.

"అంకె చదువమ్మా."

"నూట రెండు మిల్లీగ్రాములు." అంకె మారుతోంది. "మూడు... నాలుగు. ఏటి మాస్టారూ ఇది, త్రాసు పాడైపోయినట్టుంది."

ఆయన పొడి తీసి పక్కన పెట్టి, ఒక ఇత్తడి బిళ్ల వేశారు. అంకె కదల్లేదు. మళ్లీ ఆ పొడినే పెట్టారు. నూట ఆరు. నూట ఏడు.

పైడితల్లికి అప్పుడు అర్థమైంది. ఆమె చేసిన మందు గాలిలోని తేమనీ, బొగ్గుపులుసు వాయువునీ పట్టి తనలో కలుపుకుంటోంది. ఇన్నాళ్లుగా కలుపుకుంటూనే ఉంది. వాళ్లు పది పాళ్లు తూచి వేసినచోట అసలు మందు ఏ ఆరు పాళ్లో ఉండి ఉంటుంది.

"ఈ సీసా ఎంతమందికి చూపించావు?" అని అడిగారు మాస్టారు.

ఎంతమందని చెబుతుంది? హాస్టల్ స్నేహితులకి చూపించింది. ఊరి నుంచి వచ్చిన బాబాయికి వాసన కూడా చూపించింది. ఫోటో తీయడానికి వచ్చిన విలేకరి కోసమైతే మూత తీసి పావుగంట కిటికీలో పెట్టింది. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

తల ఎత్తకుండానే అడిగింది. "ఇంత గాలి తగిలితేనే ఇలా అయిపోయేది, మందుగా ఏం పనికొస్తుంది మాస్టారూ? నా రెండేళ్లూ వృథాయేనా?"

మాస్టారు నవ్వారు.

"దారిన పోయే గాలినే ఇంత గట్టిగా పట్టుకునేది, పురుగుని వదులుతుందా? పట్టుకోవడం దాని పనమ్మా. మూత పెట్టడం నీ పని."