దివానుగారు అందుకున్న పాట

వాగు అవతల చింతరేవులో పేరిందేవి పగలు చాపలల్లేది, సాయంత్రం ఊరి భజన నడిపించేది. వాగు మీద వంతెన కొట్టుకుపోయి రెండేళ్లయింది. నొప్పులొచ్చిన ఆడవాళ్లను మంచం మీద మోసుకుంటూ పీకల్లోతు నీళ్లలో దాటించాల్సి వస్తోంది. భజనవాళ్లంతా వెళ్లి దివానుకు మొరపెట్టుకున్నారు. ఆయన మీసం దువ్వుకుంటూ, "భక్తులకు రాచకార్యాలెందుకు? ఏదున్నా దేవుడికి చెప్పుకోండి" అని పంపేశాడు.

"నిజమే, మనకెందుకులే" అని అందరూ చల్లబడ్డారు. పేరిందేవి మాత్రం చల్లబడలేదు.

నెల తిరక్కుండానే రాజుగారు ఆ ఊరికి బయల్దేరారు. తీరా చూస్తే వీధిలో జేజేలు పలికే నాథుడే లేడు. ఊరంతా భజనలో కూర్చుంది. ఏర్పాట్లు చూడ్డానికి రాజుగారికంటే ముందే ఊళ్లోకొచ్చిన దివాను రొప్పుతూ భజన దగ్గరికి వచ్చి, "లేవండి! రాజుగారికి జేజేలు పలకాలి!" అని అరిచాడు.

"అది రాచకార్యం కదా దొరా! భక్తులకెందుకు?" అంది పేరిందేవి.

"నీకు దండం పెడతాను తల్లీ, లేవండి!"

"పాట ముగియందే లేవకూడదు. తమరూ అందుకుంటే తొందరగా ముగుస్తుంది" అంటూ ఆయన చేతిలో తాళాలు పెట్టింది.

జేజేలు లేకపోవడంతో రాజుగారు వచ్చిన సంగతే ఎవరికీ తెలియలేదు. ఆయన గుర్రం దిగి చూసేసరికి, దివాను చెమటలు కక్కుతూ అందరికంటే గట్టిగా పాడుతున్నాడు: "వాగు మీద వంతెన వేయించవయ్యా రామా!"

"మా దివానే ఇంత గొంతు చించుకుంటుంటే రాముడి దాకా ఎందుకు? రేపే పని మొదలుపెట్టించండి!" అన్నాడు రాజు.

పేరిందేవి తనవాళ్ల వైపు తిరిగి నవ్వింది. "దివానుగారు చెప్పినట్టే దేవుడికే చెప్పుకున్నాం. కాకపోతే, రాజుకు వినపడేలా చెప్పుకున్నాం."