పగడాల దీవిలో తినే చదరంగం

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు రాజుగారి వంటమనిషి పేరిందేవి ఓడ వంటగదిలో చారుకు పోపు పెడుతోంది. ఆవాలు చిటపటమంటుండగా దుబాసీ సూరన్న పరుగెత్తుకొచ్చాడు.

"అత్తా, నిన్ను పందెంలో పెట్టేశారు!"

"పోపు మాడకముందే చెప్పు. ఎవరు?"

సంగతి ఇది. నల్లకోట రాజు కొండభూపతికి దేశాలు తిరగాలని, వెళ్లిన ప్రతిచోటా అక్కడివాళ్లతో చదరంగం ఆడించాలని సరదా పుట్టింది. తాను ఆడడు. ఆడడానికి ఆస్థాన పండితుడు అనంతశయనాన్ని వెంట తెచ్చుకున్నాడు. పండితుడికి "చతురంగ సార్వభౌమ" అనే బిరుదూ, కాలికి బంగారు గండపెండేరమూ ఉన్నాయి. పగడాల దీవికి వచ్చిన మూడు రోజుల్లో ఆయన రేవు పెద్ద లుంగా చేతిలో రెండు ఆటలు ఓడిపోయాడు.

ఓటమికి కారణం దీవి ఆచారం. అక్కడ పావులు చెక్కతో చెయ్యరు. ఎవరి పావులు వాళ్లు తమ దేశపు తిండితో చేసుకురావాలి. ఎదుటివాడి పావును కొట్టినవాడు దాన్ని అక్కడికక్కడే నమిలి మింగాలి. ఉమ్మినా, ఆట ముగిసేలోగా నీళ్లు తాగినా ఓడినట్టే.

లుంగా పావులన్నీ ఎండుచేపలు. మడి కట్టుకునే పండితుడు ఒక్క బంటును కూడా కొట్టలేకపోయాడు. లుంగా మాత్రం పేరిందేవి కొబ్బరి, బెల్లంతో చేసిన పావులను రెండు ఆటల్లోనూ ఏనుగులతో సహా తినేశాడు.

పేరిందేవి రేవుకు వెళ్లేసరికి రాజు లడ్డూ తింటున్నాడు.

"వచ్చావా! మూడో ఆటకు పందెం ఏమిటని లుంగా అడిగాడు. మనం ఓడితే ఆ కొబ్బరి పావులు చేసినవాళ్లు ఏడాదిపాటు తన దగ్గర ఉండాలట. పండితులవారు సరే అన్నారు. నా నోట్లో లడ్డూ ఉంది. తల ఊపాను."

"మరి రేపటి నుంచి తమరికి వంట ఎవరు చేస్తారు ప్రభూ?"

రాజు నమలడం ఆపాడు. ఆ సంగతి ఆయనకు అప్పుడే తట్టింది.

"నా బాధ వేరే ఉంది," అంది పేరిందేవి. "ఏడాది ఇక్కడుంటే ఈ ఎండాకాలం మా ఇంట్లో ఆవకాయ ఎవరు పెడతారు? మా కోడలికి ఆవపిండికీ మెంతిపిండికీ తేడా తెలియదు."

పండితుడు మీసం దువ్వాడు. "భయపడకు. ఈసారి మనసు పెట్టి ఆడతాను."

"రెండుసార్లూ మనసే పెట్టారు అయ్యగారూ. నోరు పెట్టలేదు."

రాజు ఫక్కున నవ్వి, వెంటనే గంభీరంగా మారాడు. "అయితే ఏం చేద్దామంటావు?"

"పందెం నేనైనప్పుడు ఆట కూడా నేనే ఆడతాను."

"గరిటె తిప్పే చెయ్యి గుర్రాన్ని నడుపుతుందా?" అన్నాడు పండితుడు.

"పన్నెండేళ్లుగా మీ పక్కన మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడ్డాను. మీరు ఎలా ఓడతారో ఎత్తుఎత్తూ నాకు గుర్తే."

లుంగా ఒప్పుకున్నాడు. పావులు చెయ్యడానికి పేరిందేవి గంట గడువు అడిగింది. ఓడకు తిరిగి వెళుతూ సూరన్నను ఒకే ప్రశ్న అడిగింది.

"రెండు ఆటల్లోనూ ఆయన మొదట ఏ పావు తిన్నాడురా?"

"ఎడమ గుర్రం ముందున్న బంటు. రెండుసార్లూ అదే."

తొమ్మిదింటికి ఆట మొదలైంది. పేరిందేవి పావులు నిన్నటి లాగే నల్లబెల్లం రంగులో ఉన్నాయి. మూడో ఎత్తులో ఆమె ఎడమ గుర్రం ముందున్న బంటును అండ లేకుండా ముందుకు తోసింది. లుంగా చటుక్కున అందుకుని నోట్లో వేసుకున్నాడు.

ముందు అతని చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ముక్కు. ఎక్కిళ్లు పదిహేడు వచ్చాయి. సూరన్న లెక్కపెట్టాడు. ఆ దీవిలో మిరపకాయ పండదు. అయినా లుంగా పరువు గలవాడు, మింగేశాడు. కళ్లు తుడుచుకుని ఏదో అడిగాడు.

"మిగతావి కూడా ఇలాగే ఉంటాయా అంటున్నాడత్తా."

పేరిందేవి పమిట సర్దుకుంది.

"అది ఉత్త బంటే కదా బాబూ. మంత్రిని రుచి చూశాక మాట్లాడండి."

ఆ తర్వాత లుంగా ఒక్క పావును కూడా కొట్టలేదు. పేరిందేవి ఏనుగు ఎదురొస్తే తన గుర్రాన్ని పక్కకు తీశాడు. ఒంటె ఎదురొస్తే ఏనుగును వెనక్కి లాగాడు. ఆమె మాత్రం అతని ఎండుచేపలను ఒక్కొక్కటే కొట్టి నములుతూ పోయింది. ఆమెకు ఎండుచేప కొత్తదేం కాదు. "ఉప్పు ఒక పిసరు తగ్గించాలి," అని రెండుసార్లు సలహా కూడా ఇచ్చింది.

చివరికి ఆమె మంత్రి నడిచి వెళ్లి లుంగా రాజు పక్క గడిలో నిలబడింది. రాజుకు తప్పుకునే గడి లేదు. మంత్రిని కొట్టడం ఒక్కటే దారి.

పండితుడు ఉండబట్టలేక లేచి అరిచాడు. "ఆ మంత్రికి అండ లేదు! రాజుతో కొట్టెయ్యొచ్చు!"

సూరన్న అలవాటు కొద్దీ ఆ మాటను దీవి భాషలోకి మార్చేశాడు. కొండభూపతి తల పట్టుకున్నాడు. లుంగా మంత్రిని చాలాసేపు చూశాడు. పండితుడి వైపు తిరిగి నెమ్మదిగా జవాబిచ్చాడు.

"అంత ఇష్టమైతే మీరే తినండి."

అని పక్కనున్న నీళ్ల కుండ ఎత్తి గటగటా తాగేశాడు.

రేవంతా నవ్వులే. కొండభూపతి నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోయాడు. లేచి పండితుడి గండపెండేరం ఊడదీయించి పేరిందేవికి ఇచ్చాడు. ఆమె దాన్ని తీసుకెళ్లి మజ్జిగ కుండ కింద కుదురుగా పెట్టుకుంది. మిగిలిన పదిహేను పావులనూ రాజు ఒక పెట్టెలో పెట్టించి, "ఇవి తిండి కాదు, ఆయుధాలు. ఎవరూ ముట్టుకోకండి," అని ఆజ్ఞాపించాడు.

ఓడ బయల్దేరిన ఆరో రోజు రాజు పెట్టె తెరిస్తే తొమ్మిదే ఉన్నాయి. పండితుడి మీసానికి కొబ్బరి కోరు అంటుకుని ఉంది.

"ఆయుధాలు పనిచేస్తున్నాయో లేదో పరీక్షిస్తున్నాను ప్రభూ," అన్నాడాయన.

రాజు కళ్లు మూసుకుని, ధైర్యం చేసి మంత్రిని కొరికాడు. కొబ్బరి, బెల్లం, కాస్త యాలకుల పొడి.

వంటగదిలో విచారిస్తే అసలు సంగతి తెలిసింది. ఆట రోజు ఉదయానికి ఓడలో మిగిలిన మిరపకాయలు పదకొండు. ఆ పదకొండూ ఒక్క బంటుకే సరిపోయాయి.