సామ్రాజ్యం గారు విన్న మోత

చీరాలలో టీవీలు బాగుచేసే సుభానీ మాస్టారి దగ్గర డానియేలు నాలుగేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. చెయ్యి మంచిది. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు. అలాంటివాడికి సామ్రాజ్యం గారి టీవీ కొరకరాని కొయ్య అయి కూర్చుంది.

సామ్రాజ్యం గారు బట్టలు కుట్టుకుని బతికే మనిషి. చెవులు వినబడని అక్కతో కలిసి ఉంటారు. గోడకి తగిలించిన కొత్త టీవీలోంచి గుంయ్‌మని మోత వస్తోందని ఆవిడ అంటారు. డానియేలు రెండుసార్లు వెళ్లి చూశాడు, మోత లేదు. షాపుకి తెచ్చి లోపల పవర్ బోర్డు మార్చాడు, రోజంతా ఆన్ చేసి పెట్టాడు, అప్పుడూ లేదు. తీసుకెళ్లి గోడకి బిగించి వచ్చిన మర్నాడే ఆవిడ మళ్లీ షాపు మెట్లెక్కారు.

"టీవీలో లోపం లేదండి. ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకోండి," అనేశాడు.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మాస్టారికి ఈమధ్య చెవులు మందగించాయి కాబట్టి ఆయన దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు. వాళ్ల అమ్మకి కూడా ముందు ఇలాగే లేని చప్పుళ్లు వినబడేవట. ఆ తర్వాత మనుషుల్ని గుర్తుపట్టడం మానేసిందట. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పారు.

"నాకూ అదే మొదలైతే మా అక్కని ఎవరు చూస్తారు మాస్టారూ?"

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. డానియేలు పనిముట్ల సంచీ అందుకోబోతే, అది వద్దు, ఊరికే వెంట రమ్మన్నారు.

ఆవిడ ఇంట్లో అక్కగారు దిండుకి ఆనుకుని మంచం మీద కూర్చున్నారు. కంటి ఆపరేషన్ జరిగి నెలైంది. డానియేలు అలవాటుగా రిమోట్ అందుకున్నాడు. టీవీ మెకానిక్కులకి అదొక జబ్బు. ఆన్ చెయ్యగానే వెలుగు మొత్తం పెంచుతారు, సౌండు పెంచుతారు. బొమ్మ కళకళలాడితే ఇంటివాళ్లు మెచ్చుకుంటారు మరి.

మాస్టారు ఆ రిమోట్ తీసుకుని సామ్రాజ్యం గారి చేతిలో పెట్టారు.

"రోజూ మీరెలా చూస్తారో అలాగే చూడండమ్మా. మేం వచ్చామనుకోకండి."

అని చాప మీద కూర్చున్నారు. డానియేలూ కూర్చోక తప్పలేదు.

ఆవిడ సీరియల్ పెట్టారు. అక్క మొహమే చూస్తూ వెలుగు తగ్గించారు, ఇంకా తగ్గించారు, అక్క కళ్లు చిట్లించడం మానేసి తల ఊపేదాకా తగ్గించారు. వినబడని మనిషి పక్కన సౌండెందుకని అదీ తీసేశారు. ఇక కథంతా తనే చెప్పసాగారు, అక్క అరచేతిలో వేలితో రాస్తూ, అత్తగారు వస్తే మూతి విరిచి చూపిస్తూ. అక్కగారు నవ్వుతున్నారు.

అప్పుడు వినబడింది డానియేలుకి. టీవీ వెనకనుంచి, సన్నగా, తెంపు లేకుండా.

బొమ్మ వెనకుండే లైట్లు బాగా తగ్గిస్తే కొన్ని టీవీలు అలా మోత చేస్తాయి. అది అతనికి తెలియని సంగతి కాదు. ఆవిడ టీవీ ఎలా చూస్తారన్నదే అతను అడగలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పక్కకి చూస్తే మాస్టారు టీవీ వైపు కాక తన మొహం వైపే చూస్తున్నారు.

డానియేలు లేచి రిమోట్ అడిగి తీసుకున్నాడు. వెనక లైట్లు పెంచాడు, మోత ఆగింది. అక్కగారు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకునేలోగా బొమ్మ కాంట్రాస్టు తగ్గించాడు. తెర మళ్లీ మసకబారింది. ఈసారి చప్పుడు లేదు. అక్కగారు తల ఊపారు.

"మోత ఉందండి. నేనే వినలేదు," అన్నాడు డానియేలు.

సామ్రాజ్యం గారు కొంగుతో కళ్లు ఒత్తుకుని, టీ పెడతానని లోపలికి వెళ్లారు.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో అడిగాడు డానియేలు, మాస్టారికి వినబడేలా కాస్త గట్టిగా.

"అంత సన్నని మోత మీకెలా వినబడింది మాస్టారూ?"

"నాకు వినబడలేదురా," అన్నారు మాస్టారు. "ఆవిడకి వినబడిందని చెప్పారుగా."