గంతులప్ప గింజలు, సూరీడి పరీక్ష

అనగనగా, పిల్లలూ, చదువు కోసం జంతువులన్నీ మూటాముల్లె సర్దుకుని వెళ్ళే ఒక అడవి ఉండేది. ఆ అడవి నడిమధ్యన పెద్ద విద్యాలయం. అక్కడ మూడేళ్ళు చదివితే ఆకులతో, వేళ్ళతో వైద్యం చేయడం వస్తుంది.

అక్కడికి రాళ్ళగుట్ట నుంచి ఒక ముంగిస వచ్చింది. దాని పేరు సూరీడు. రాళ్ళగుట్టలో ఎవరికి జబ్బు చేసినా చూసే దిక్కు లేదు. అందుకే గుట్ట మీది ముంగిసలన్నీ కూడబలుక్కుని, "నువ్వు చదువుకుని రారా నాయనా, మా అందరికీ వైద్యుడివి నువ్వే" అని వాడిని పంపించాయి.

సూరీడు మంచివాడే. తెలివైనవాడే. కాకపోతే ఆ ఏడాదంతా వాగులో పీతలు పడుతూ, కబుర్లు చెబుతూ గడిపేశాడు. తీరా చూసేసరికి చివరి పరీక్షకు పది రోజులే ఉంది. నూరు ఆకులు వరసగా పెడతారు. చూసి, వాసన పట్టి, ఏది దేనికి పనికొస్తుందో రాయాలి. సూరీడికి గట్టిగా వచ్చినవి పద్దెనిమిది.

వాడు ఉండేది ఒక మద్దిచెట్టు కింద బొరియలో. పైకొమ్మ మీద వాడి స్నేహితుడు గంతులప్ప ఉండేవాడు. గంతులప్ప కొండముచ్చు. ఒకప్పుడు వాడికి అస్సలు కుదురుండేది కాదు. పాఠం మొదలయ్యేసరికి ఒక కొమ్మ మీద, సగమయ్యేసరికి ఇంకో కొమ్మ మీద, పూర్తయ్యేసరికి పక్క అడవిలో ఉండేవాడు. భల్లమ్మ అనే ఎలుగుబంటి వైద్యురాలు వాడిని బాగా పరీక్షించి, చీటీ రాసి, కొన్ని గింజలిచ్చింది. చదువున్న రోజు పొద్దున్నే ఒక గింజ వేసుకుంటే, పాపం, పాఠమంతా కూచుని వినేవాడు.

"ఒరే గంతులప్పా," అన్నాడు సూరీడు, "ఆ గింజ వేసుకుంటే బుర్ర పాదరసంలా పనిచేస్తుందటగా?"

"నా బుర్ర మొదటినుంచీ పాదరసమేరా. ఈ గింజ దాన్ని ఒక గిన్నెలో కూచోబెడుతుంది, అంతే."

"నాకూ ఒకటివ్వరా."

"అది నాకు రాసిచ్చిన మందురా."

"అబ్బో! అవతల కుందేళ్ళు, దుప్పులు అందరూ ఎవరో ఒకరి దగ్గర అడిగి వేసుకుంటున్నారట. స్నేహితుడివై ఉండి నువ్వు ఒక్కటివ్వలేవా?"

ఆ మాటకు గంతులప్ప మొహమాటపడ్డాడు. పరీక్షకు ముందు సెలవులు, పాఠాలు లేవు, తనకు రోజూ గింజ అక్కర్లేదు కదా అని ఒకటి ఇచ్చాడు.

సూరీడు గింజ మింగి చదవడానికి కూచున్నాడు. ఆకలి లేదు, దాహం లేదు. సాయంత్రానికి పన్నెండు ఆకులు వచ్చేశాయి. "ఇన్నాళ్ళూ ఇది తెలియక పాడైపోయాను!" అని చంకలు గుద్దుకున్నాడు.

రెండు రోజుల తర్వాత బతిమాలి ఇంకొకటి పుచ్చుకున్నాడు. ఈసారి చదవబోతుంటే బొరియలో దుమ్ము కనబడింది. ఊడ్చాడు. గులకరాళ్ళు కనబడ్డాయి. చిన్నవన్నీ ఒక వరస, పెద్దవన్నీ ఒక వరస పెట్టాడు. అది నచ్చక మళ్ళీ రంగుల ప్రకారం పేర్చాడు. పొద్దు గూకింది. ఒక్క ఆకు కూడా చదవలేదు. విచిత్రమేమిటంటే, బోలెడంత పని చేసినట్టు వాడికి గర్వంగానే ఉంది!

ఆ తర్వాత నిద్ర సరిగ్గా పట్టలేదు. అన్నం సయించలేదు. పరీక్ష రోజు పొద్దున కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. గంతులప్ప స్నానానికి వెళ్ళాడు. వాడి సంచీ కొమ్మకు వేలాడుతోంది. అందులో ఒకే ఒక్క గింజ ఉంది.

"అడిగితే ఇవ్వడు," అనుకున్నాడు సూరీడు. "వాడెలాగూ ఏడాదంతా చదివాడు. ఈ ఒక్కరోజుకు ఏమవుతుందిలే."

తీసి మింగేశాడు.

పరీక్ష మొదలైంది. ఏనుగు అయ్యవారు దంతప్పగారు ఎదురుగా నిలబడ్డారు. సూరీడి గుండె డప్పులా కొట్టుకుంటోంది. నోరు పిడచకట్టుకుపోయింది. ముక్కు ఎండిపోయి ఏ వాసనా తెలియడం లేదు. మొదటి ఆకు అంచున రంపానికున్నట్టు చిన్నచిన్న పళ్ళున్నాయి. లెక్కపెట్టాడు. అనుమానమొచ్చి మళ్ళీ లెక్కపెట్టాడు. వాటి గురించి వరసగా రాస్తూనే ఉన్నాడు. ఇంతలో గంట మోగింది.

దంతప్పగారు వచ్చి చూశారు. "ఏం నాయనా, మొదటి ఆకు దగ్గరే ఉన్నావేం?"

"దీనికి నూటపద్నాలుగు పళ్ళున్నాయండీ."

"మంచిది. ఇంతకీ దీని పేరేమిటి?"

సూరీడు బిక్కమొహం వేశాడు. "అది రాయలేదండీ."

ఇక గంతులప్ప సంగతి. వాడు నాలుగు ఆకులు చక్కగా రాశాడు. అయిదో ఆకు మీద సీతాకోకచిలుక వాలింది. అంతే! దాని వెంట పడి పోయినవాడు మళ్ళీ రాలేదు. అయ్యవారు మూడుసార్లు పిలిచి ఊరుకున్నారు.

పరీక్ష అయ్యాక వాడు చెట్టు కింద సంచీ తిరగేసి దులుపుతూ కూచున్నాడు. "నా గింజ ఎక్కడో పారేసుకున్నానురా సూరీ. ఒక్క గింజ జాగ్రత్తగా దాచుకోలేకపోయాను. నా బుద్ధే అంత."

సూరీడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ స్నేహితుడు అలా తనను తాను తిట్టుకుంటుంటే చూడలేకపోయాడు.

"నువ్వు పారేసుకోలేదురా. నేనే తీశాను," అన్నాడు.

గంతులప్ప సంచీ భుజాన వేసుకున్నాడు. చిటారుకొమ్మకు ఎక్కి కూచున్నాడు.

సూరీడు భల్లమ్మ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. ఆమె వాడి ఛాతీ మీద చెవి పెట్టి విన్నది.

"గంతులప్పకు మందిచ్చే ముందు వాడి గుండె విన్నాను. వాళ్ళమ్మను పిలిపించి చిన్నప్పటి సంగతులన్నీ అడిగాను. అరగింజతో మొదలుపెట్టాను. నీ గుండె ఎవరు విన్నారు నాయనా?"

"ఎవరూ వినలేదమ్మా."

"ఇప్పుడు నేను విన్నానుగా. చాలా అల్లరి చేస్తోంది. గంజి తాగి పడుకో. మీ వాడికి సరిపడే మందు నీకూ సరిపోవాలని ఏముంది?"

సూరీడు గంజి తాగి ఒకటిన్నర రోజు నిద్రపోయాడు. వాడి గురకకు పక్క పొదలోని పిట్టలు ఇల్లు మారాయి.

లేచాక తిన్నగా దంతప్పగారి దగ్గరికి వెళ్ళాడు. "గంతులప్ప తప్పేం లేదండీ. వాడి మందు నేను దొంగిలించాను. నన్నేం చేసినా సరే, వాడికి మాత్రం మళ్ళీ పరీక్ష పెట్టండి."

అయ్యవారు తొండం ఊపారు. "వాడికి వచ్చే వారం పెడతాను. నీకు వానాకాలంలో, నీకంటే చిన్నవాళ్ళతో కలిపి. సరేనా?"

"సరేనండీ."

వారం తిరిగేసరికి గంతులప్ప, భల్లమ్మ ఇచ్చిన కొత్త గింజ వేసుకుని, తొంభై ఆకులు సరిగ్గా రాసి నెగ్గాడు. సూరీడు పొద్దున్నే లేచి, రోజుకు రెండేసి ఆకుల చొప్పున చదవడం మొదలుపెట్టాడు. నాలుగో రోజు పైనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఊరికే వాసన చూస్తే ఏం తెలుస్తుందిరా? నలిపి చూడు!"

"కోపం పోయిందట్రా?" అన్నాడు సూరీడు ఆశగా.

"సగం పోయింది," అంటూ గంతులప్ప కిందికి దిగాడు. "మిగతా సగం నువ్వు నెగ్గాక పోతుంది. ఏదీ, ఆ ఆకు ఇటివ్వు."

వానాకాలం వచ్చింది. సూరీడు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి పరీక్షకు వెళ్ళాడు. నూటికి ఎనభైమూడు! కబురందగానే రాళ్ళగుట్ట ముంగిసలన్నీ డప్పులు వాయించుకుంటూ, పూలదండలు పట్టుకుని బయల్దేరాయి. విద్యాలయమంతా వెతికితే వాడు కనబడలేదు. చివరికి చూస్తే, మద్దిచెట్టు కింద గంతులప్ప ఒళ్ళో తల పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

"ష్... డప్పులాపండి," అన్నాడు గంతులప్ప వేలు అడ్డం పెట్టి. "ఇన్నాళ్ళూ నూరాకులు వాసన చూసి చూసి అలిసిపోయాడు. ఓ గంట పడుకోనివ్వండి."

గుట్టంతా దండలు పట్టుకుని, చప్పుడు చేయకుండా, చెట్టు చుట్టూ కూచుంది.

నీతి: ఒకరికి వైద్యుడు చూసి ఇచ్చిన మందు ఇంకొకరికి చదువు నేర్పదు, రోజూ కొంచెం శ్రమ, కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర ఉంటేనే చదువు ఒంటబడుతుంది.