బొంతలో జానెడు జాగా

ఏడాదంతా ఊళ్ళు తిరిగి కాశింపీరా తకియాకు తిరిగివచ్చేసరికి మాబవ్వ బొంత కుడుతోంది. అతను వెళ్ళిన రోజూ ఆమె బొంతే కుడుతోంది. కూచున్న చోటు కూడా మారలేదు. రేకుల పంచలో గోడకు ఆనుకుని, కాళ్ళు బార్లా చాపుకుని, ఒళ్ళో పాతబట్టలు పరుచుకుని ఉంది.

"వచ్చినావా పీరా," అంది తలెత్తకుండా. "ఈ దబ్బనంలో దారం ఎక్కించు. నాకు కండ్లు ఆనడంలేదు."

కాశింపీరా దారం ఎక్కించాడు. తర్వాత ఎదురుగా చతికిలబడి, ఆమె ఏదైనా అడుగుతుందేమోనని చూశాడు.

ఆదోని వైపు పత్తిచేల నడుమ ఉండే ఊరది. ఊరి చివర ఫకీర్లు మకాం చేసే చిన్న చోటు ఈ తకియా. ఒక గది, ఒక పంచ, వెనకాల మాబవ్వ గురువుగారి సమాధి, అంతే. ఆయన పోయాక ఆ చోటు ఆమెకు వచ్చింది. జనం ఆమెను పెద్దమనిషిగా చూస్తారు. చిక్కొస్తే వచ్చి అడుగుతారు. వచ్చేటప్పుడు చంకలో పాతబట్టల మూట కూడా తెస్తారు. దూదేకుల ఇంట పుట్టిన మనిషి గనుక ఆమె చేతి బొంత మీద అందరికీ గురి.

పదిహేనేళ్ళకు పైగా కాశింపీరా ఆమె శిష్యుడు. ఈ ఏడాది దర్గాలన్నీ కాలినడకన తిరిగాడు. అడుక్కుని తిన్నాడు. ఒంటిమీది అంగీ ఒక్కనాడు కూడా ఉతకలేదు. ఎక్కడెక్కడి పీర్ల గడపల దుమ్మో దానిమీద ఉంది, ఉతికితే పోతుందని అతని భయం. ఇంత చేసి వచ్చాడు కాబట్టి అవ్వ ఈసారి తనకు ఖిర్కా తొడుగుతుందని ఆశ. ఖిర్కా అంటే అతుకుల అంగీ. గురువు తన చేత్తో తొడగాలి. అది వేసుకున్నవాడు ఇక తానే నలుగురికి దారి చెప్పొచ్చు.

అవ్వ దర్గాల మాట ఎత్తలేదు.

"నువ్వు లేనప్పుడు శానా అయినాయి," అంది. "ఈరన్న ఇంట కవలలు పుట్టినారు. ఇద్దరికీ ఒక బొంత చాలుతుందనుకుంటి. చాల్లేదు. ఒకడు తంతాడు, ఇంకొకడు ఏడుస్తాడు. మళ్ళీ ఇంకొకటి కుట్టిచ్చినా."

కాశింపీరా వెన్ను నిటారుగా పెట్టుకున్నాడు. పెద్దవాళ్ళు నేరుగా చెప్పరని, మామూలు మాటల్లోనే అసలుది దాచి చెబుతారని దారిలో ఒక ముసలి ఫకీరు అతనికి చెప్పాడు. ఒకటే బొంత. ఇద్దరు. లోతుగా ఆలోచించాడు.

"ఇద్దరుగా కనిపించినా ఒకటేనంటావు. అంతేనా అవ్వా?"

"ఒకటెట్లయితారు? ఇద్దరే. చిన్నోడికి చెవి దగ్గర మచ్చుంది."

దబ్బనం బట్టలో మునిగి తేలింది.

"పోస్టు రంగయ్య రిటైరైనాడు. ఖాకీ చొక్కాలన్నీ మూటగట్టి తెచ్చి, వీటితోనే కుట్టమన్నాడు. కుట్టినా. అది కప్పుకుంటే ఇంకా డ్యూటీలో ఉన్నట్టే ఉందంట, నిద్ర పట్టలేదంట. విప్పి నడుమ వాళ్ళమ్మ చీర పెట్టినా."

ఇది మాత్రం తప్పకుండా తనకోసమే అనుకున్నాడు కాశింపీరా. పదవి, దాని బరువు, దాన్ని విప్పడం, అన్నీ ఉన్నాయి. "ఇప్పుడు నిద్ర పడుతోందా?" అని మెల్లగా అడిగాడు.

"గురక పెడతాన్నాడు. ఇంట్లోవాళ్ళకు పట్టడంలేదు."

అతనికి ఏమీ అంతుపట్టలేదు. గురక దేనికి గుర్తో తెలియలేదు.

"కటిక బాషా పెండ్లాం బాగైంది. ఆ దండెం మీది రవికల బొంత వాళ్ళదే. మీ నబీసాకు కూతురు పుట్టింది. బిచ్చన్న ఇల్లు గోడలదాకా లేసింది, పైకప్పుకు ఆగినాడు. గృహప్రవేశానికి మూడు బొంతలు అడిగినాడు. చుట్టాలు ఎక్కువ వాళ్ళకు."

కాశింపీరా దారపుండ చేతిలోకి తీసుకుని చుట్టాడు. చుట్టిందే మళ్ళీ విప్పాడు.

నబీసా అతని కూతురు. భార్య జైనబి పోయిననాటికి ఆ పిల్లకు మూడేళ్ళు. పిల్లను అక్క పక్కీరమ్మ ఒళ్ళో పెట్టి అతను తకియాకు వచ్చేశాడు. పోయినేడు నబీసా పెళ్ళి కుదిరినప్పుడు పక్కీరమ్మ ఇక్కడిదాకా వచ్చి, "నాయనవు నువ్వుండగా వేరేవాళ్ళను కూచోబెట్టమంటావా పీరా?" అని అడిగింది. పెళ్ళికి వారం ముందర అతను దర్గాల దారి పట్టాడు. ఎవరైనా ఏ ఊరని అడిగితే, నాకు ఇల్లు లేదు, వాకిలి లేదు అని చెప్పాడు. ఆ మాట విని కొందరు అతని కాళ్ళకు దండం పెట్టారు.

అవ్వ కావాలనే చెప్పిందా, వరసలో వచ్చింది గనుక చెప్పిందా? మొహం చూస్తే తెలియలేదు. ఆమె మాటల్లో అప్పటికే బిచ్చన్న ఇంటి కిటికీల దగ్గరికి వెళ్ళిపోయింది.

కొంతసేపటికి అవ్వ దబ్బనాన్ని గుడ్డకు గుచ్చి, మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"టీ పెడతా. ఆ జాగా నీది, చూసుకో," అని ఒళ్ళోని బొంతను చాపమీద పెట్టి లోపలికి వెళ్ళింది.

అప్పటిదాకా కాశింపీరా ఆ బొంతను సరిగా చూడలేదు. రకరకాల రంగుల అతుకులు. చిన్న చిన్న కుట్లు, నీటిమీద అలల్లాగా వరసలు. నడుమ మాత్రం జానెడు మేర అతుకు లేదు. లోపలి తెల్లబట్ట కనిపిస్తోంది. అంత చేయి తిరిగిన మనిషి అక్కడ ఎందుకు ఆపిందో?

ఆ జాగా నీది. అతుకుల బట్ట. గురువు చేతి కుట్టు.

మెడ పట్టే చోటు కాబోలు ఆ ఖాళీ! బొంతను రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకున్నాడు. లేచి నిలబడి భుజాల మీదుగా కప్పుకున్నాడు. అది సగం వీపుకే ఆగిపోయింది. ముందుకు లాగితే వెనక లేదు. వెనక్కి లాగితే ముందు లేదు. చేతులు పెట్టుకోవడానికి దారే లేదు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.

అవ్వ రెండు గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమప్పా, చలేస్తాందా?"

"లేదవ్వా. నేను... ఇది ఖిర్కా అనుకున్నా."

అవ్వ నవ్వలేదు. గ్లాసు అతని చేతిలో పెట్టి, అతని భుజాల మీది నుంచి బొంత తీసి మళ్ళీ చాపమీద పరిచింది.

"నీకెట్ల సరిపోతుంది పీరా. నబీసా బిడ్డది. పుట్టి రేపటికి నలభైయోనాడు, తొట్లెలో వేస్తారు."

మాబవ్వ బొంతలకు ఒక పద్ధతి ఉంది. తొలిచూలు బిడ్డకు కుట్టే బొంతలో, ఆ తల్లిని చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన వాళ్ళందరి పాతబట్టా ఒక్కో ముక్క ఉండాలి. కొత్తబట్ట పనికిరాదు.

ఆమె వేలుతో చూపించింది. "ఇది పక్కీరమ్మ చీర. ఇది మీ బావ లుంగీ. ఇది పక్కింటి సుంకులమ్మది. పాలు లేనప్పుడు ఆమే కదా ఇచ్చింది. ఇది..."

"తెలుసు," అన్నాడు కాశింపీరా. చిలకాకుపచ్చ చీర ముక్క. జైనబిది. అక్క దాన్ని ఇన్నేళ్ళు దాచిందని అతనికి తెలియదు.

మూట అడుగున ఇంకొకటి మిగిలి ఉంది. ఎర్రచుక్కల పసుపు గౌను, మూడేళ్ళ పిల్లకు పట్టేంత. "నబీసాదే," అంది అవ్వ. "ఎత్తుకున్నోళ్ళ బట్టలు అడిగితే పక్కీరమ్మ ఇది కూడా పంపింది. బొంతలోకి రాదిది. ఎక్కడ పెట్టాలో చూడాల."

కాశింపీరా ఖాళీ జాగా వైపు చూశాడు.

"నా గురించి అక్క ఏమనింది?"

"ఉన్నాడో లేడో, అక్కడ ఏదో ఒక గుడ్డ వేసి కుట్టేయి అవ్వా అనింది."

"వేసేయకపోయినావా?"

"వేయొచ్చు," అంది అవ్వ. టీ ఊదుకుంటూ తాగింది.

కాశింపీరా గోడవారన పెట్టిన తన సంచి తెచ్చాడు. అందులోంచి ఒక కండువా తీశాడు. పెద్ద దర్గాలో ఒక షావుకారు కప్పిన కండువా అది. జరీ అంచు, ఇంకా మడత విప్పలేదు. "దీన్ని వేయి అవ్వా. నా దగ్గరుండే వాటిలో ఇదే మంచిది."

అవ్వ కండువా అందుకుంది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. దాని కొసను అతని చెంప మీద పెట్టి ఒక్కసారి రుద్దింది. గంజి గరగరమని గీసుకుంది. మడత ఎట్లా ఉండిందో అట్లాగే పెట్టి అతని భుజం మీద వేసింది.

ఇక అతని దగ్గర మిగిలిన పాతబట్ట ఒంటిమీది అంగీ ఒక్కటే.

"అవ్వా, దీనిమీద..." అతను అంగీ కొస పట్టుకున్నాడు. "దీనిమీద ఎన్నో దర్గాల దుమ్ముంది."

"ఉతికితే పోతుందిలే," అంది అవ్వ, ఓదారుస్తున్నట్టు.

కాశింపీరాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఈమె ఎగతాళి చేస్తోందా? పరీక్ష పెడుతోందా? పరీక్షే అయితే ఇవ్వడం గెలుపా, ఇవ్వకపోవడం గెలుపా? ఇల్లు వదిలిపెట్టమని దారి పొడుగునా అందరూ చెప్పారు. వదిలిపెట్టి వచ్చినవాణ్ణి ఈమె గుడ్డముక్క అడుగుతోంది. నిజానికి అడగను కూడా లేదు. జాగా ఉంచింది, అంతే.

చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

మొదటి నీళ్ళు ఎర్రగా వచ్చాయి. తర్వాత నల్లగా వచ్చాయి. ఏ రంగు ఏ గడపదో కనిపెట్టాలని కాసేపు చూశాడు. అన్నీ కలిసి కాలవలో పడి బెండమొక్కల్లోకి పోయాయి. మూడో నీళ్ళు తేటగా వచ్చాయి. ఎండలో ఆరేసి, ఒంటిమీద కండువా కప్పుకుని పక్కనే కూచున్నాడు. ఆరిన అంగీ అతను ఎరగనంత తేలిగ్గా ఉంది.

అవ్వ దాన్ని నాలుగుచోట్ల తడిమింది. వీపు నడుమ ఆగి కత్తెర పెట్టింది.

"అయ్యో, అక్కడా? అంచులో తీసుకోరాదా, కనపడదు."

"అంచు నేలకు రాసుకుని బిరుసెక్కింది. బిడ్డకు మెత్తంది కావాల."

చెమటకు, ఎండకు నలిగి నలిగి మెత్తబడిన ముక్క ఊడి వచ్చింది. అంగీ వీపులోంచి పంచ అవతలి చెట్లు కనిపించాయి. అవ్వ ముక్కను ఖాళీ జాగాలో సర్ది, దబ్బనం అతని చేతికిచ్చింది.

"నేనా? నాకు రాదు."

"దారం ఎక్కించినావు కదా."

కుట్టసాగాడు. అవ్వ కుట్లు నీటి అలల్లాగా ఉంటే, అతనివి కంచెమీద పిట్టలు కూచున్నట్టు ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. వేలికి దబ్బనం దిగింది. నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్ళీ కుట్టాడు. జైనబి ముక్క అంచు దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. రెండు గుడ్డలనూ కలిపి కుడితే తప్ప అక్కడ ముడిపడదు.

"వంకరపోతాంది అవ్వా."

"పోనీ."

ఆమె గోడవైపు తిరిగి తన పనేదో తాను చేసుకుంటోంది.

అతను చివరి ముడి వేసి తలెత్తేసరికి పొద్దు వాలింది. అవ్వ బొంతను దులిపి, నాలుగు మడతలు వేసి, పాత సంచిలో పెట్టింది. అంగీని అతని చేతికిచ్చింది.

కన్నంలోంచి చెట్లు కనిపించలేదు. అక్కడ ఎర్రచుక్కల పసుపు గుడ్డ ఉంది. చుట్టూ చిన్న చిన్న కుట్లు.

కాశింపీరా అంగీని పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఏమిటిది? అడగాలనుకున్నాడు. తల వంచి నిలబడితే ఆమె చేయి పెట్టి ఏదైనా దువా చదువుతుందేమోనని తల వంచాడు.

"వేసుకో. బస్సు టైమైంది," అంది అవ్వ.

ఆమే అంగీ మెడను వెడల్పు చేసి పట్టుకుంది, చిన్నపిల్లలకు పట్టుకున్నట్టు. అతను తల దూర్చాడు.

బొంత సంచి చంకలో పెట్టుకుని పంచ దిగాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. అవ్వ అప్పుడే బిచ్చన్న ఇంటి బట్టలు ముందరేసుకుంది.

"అవ్వా, నబీసా వాళ్ళ వాకిట్లో నిలబడి నేనెవరినని చెప్పాల?"

అవ్వ దారం పళ్ళతో తెంపింది.

"బొంత తెచ్చినానని చెప్పు."