సీసాలో నలభై రెండు

సిలార్ వంగతోటలోంచి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ఒక వంగాకు ఉంది. దాని మీద బొటనవేలంత లావు పచ్చపురుగు, తోక దగ్గర చిన్న కొమ్ము. వీపు నిండా బియ్యపు గింజల్లాంటి తెల్లటివి అతుక్కుని ఉన్నాయి.

"గుడ్లు, బాబా! నలభై రెండు. ఒక్కోటి రోజుకి మూడాకులు తిన్నా నూట ఇరవై ఆరు. ఉరుసు నాటికి తోటలో మోళ్ళే మిగులుతాయి."

దర్గా ఉరుసుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది. వచ్చేవాళ్ళందరికీ కూర ఆ తోటదే. తోటను గురువు ఖలందర్ సాహెబ్ ఈ శిష్యుడికే అప్పగించాడు.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అన్నాడు సాహెబ్.

"రెండు దొరికాయి. పొయ్యిలో వేశాను."

"వాటితో పాటు వీడూ దూకేస్తాడేమో అనుకున్నా, ఆ పరుగు చూసి," అంది వంట చేసే బీబమ్మ.

సాహెబ్ నవ్వలేదు. పురుగును ఆకుతో సహా గాజుసీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టాడు.

"ఇది ఏ పురుగు, బాబా?"

"నీ చాప పక్కన పెట్టుకో. అదే చెబుతుంది."

సిలార్ ఆ గుడ్డ మీద ఇంకో గుడ్డ బిగించాడు. అన్నం తింటూ లెక్కపెట్టాడు. నలభై రెండు. నమాజు ముగించి లెక్కపెట్టాడు. నలభై రెండు. పురుగు ఆకు ముట్టడం మానేసింది. పిల్లల కోసం బలం దాచుకుంటోందనుకున్నాడు.

ఐదో రోజు పొద్దున గింజలన్నీ విచ్చుకున్నాయి. చీమకన్నా చిన్నవి, నల్లటి రెక్కల పురుగులు, గాజుకి కొట్టుకుంటున్నాయి.

"పుట్టేశాయి బాబా! పుట్టేశాయి!"

సాహెబ్ సీసాను తోటలోకి తీసుకెళ్ళి రెండు గుడ్డలూ విప్పాడు.

"వద్దు బాబా, మీ కాళ్ళు పట్టుకుంటా!"

సిలార్ మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి వేళ్ళ సందుల్లోంచి చూశాడు.

ఒక ఆకు అడుగున గోరంత పచ్చపురుగు తింటోంది. దాని తోకకీ కొమ్ముంది. సీసాలోంచి ఎగిరిన నల్లపురుగొకటి దాని వీపు మీద వాలి, సూదిలాంటి తోకతో పొడిచింది. పచ్చపురుగు మెలికలు తిరిగింది.

సిలార్ సీసాలోకి చూశాడు. లోపలంతా ఆ నల్లపురుగులు తినేయగా పెద్ద పురుగు ఉత్త తోలై పడి ఉంది.

"పొయ్యిలో వేసినవాటి మీద గింజలెన్ని, బేటా?" అడిగాడు సాహెబ్.

వాటినీ సిలార్ లెక్కపెట్టే వేశాడు. అంకె నోటిదాకా వచ్చి ఆగిపోయింది.