మెట్ల మీద చప్పుడు

ఒక టీవీ సీరియల్లో శర్వాణికి ప్రైవేటు డిటెక్టివ్ వేషం దొరికింది. మొదటి రోజే దర్శకుడికి ఆమె నటన నచ్చలేదు. "రేపు కూడా ఇలాగే చేస్తే వేరే అమ్మాయిని చూసుకుంటాం" అని చెప్పేశాడు.

ఆమె నేరుగా యూసుఫ్‌గూడలోని పరాంకుశం మాస్టారి ఇంటికి వెళ్లింది. నటన నేర్పింది ఆయనే. ఒకప్పుడు టీవీ హాస్య ధారావాహికలో డిటెక్టివ్‌గా ఏళ్ల తరబడి జనాన్ని నవ్వించాడు. ఎప్పుడూ తప్పు మనిషినే అనుమానించే డిటెక్టివ్. ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర ఆయన్ని చూసి నవ్వేవాళ్లున్నారు.

"డిటెక్టివ్ ఎలా ఉండాలి మాస్టారూ?" అని అడిగింది. అడిగాక మళ్లీ తనే, "మీది కామెడీ అనుకోండి. నాది సీరియస్ పాత్ర" అంది.

ఆయన నొచ్చుకోలేదు. "సీను ఏమిటి?" అన్నాడు.

"ట్యూషన్‌కి వెళ్లిన పాప తిరిగి రాలేదు. వాళ్లమ్మని నేను ప్రశ్నించాలి."

పరాంకుశం కండువా భుజాల చుట్టూ కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు. "నేనే ఆ తల్లిని. అడుగు."

శర్వాణి ఒక కనుబొమ పైకెత్తింది. చేతులు వెనక్కి కట్టుకుని కుర్చీ చుట్టూ టకటకా నడిచింది. "ఆ సాయంత్రం మీరెక్కడున్నారు?" అని గద్దించింది.

ఆయన ఏడవలేదు. వాకిలి వైపే చూస్తున్నాడు.

ఆమె గొంతు పెంచి మళ్లీ అడిగింది. ఇంకో చుట్టు తిరిగింది.

"అమ్మా," అన్నాడాయన మెల్లగా, "నువ్వలా తిరుగుతుంటే మెట్ల మీద చప్పుడు వినపడటం లేదు. పాప వస్తుందేమోనని వింటున్నాను."

శర్వాణి ఆగిపోయింది. కనుబొమ దానంతటదే దిగింది. పక్కనున్న స్టూలు చప్పుడు కాకుండా ఎత్తి, దగ్గరగా వేసుకుని కూర్చుంది. కాసేపు తనూ మెట్ల వైపు చెవి పెట్టి వింది.

తర్వాత స్క్రిప్టులో లేని మాట అడిగింది. "ఏ చెప్పులు వేసుకుని వెళ్లిందండీ?"

"నీలం రంగువి. పట్టీ ఊడితే నేనే కుట్టాను. సరిగా కుట్టానో లేదో." ఆయన మళ్లీ వాకిలి వైపు చూశాడు. "దానికి చీకటంటే భయం."

ఆమె చెయ్యి చాచి ఆయన చేతిని పట్టుకుంది.

పరాంకుశం కండువా తీసి మడతపెట్టాడు. "టీ పెడతాను, తాగి వెళ్లు" అంటూ వంటింట్లోకి నడిచాడు. డిటెక్టివ్ ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు.

మర్నాడు షూటింగులో శర్వాణి కుర్చీ చుట్టూ తిరగలేదు. తల్లి వేషం వేసిన నటి ఎదుట కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని నిదానంగా అడిగింది. రాసిన మాటలన్నీ అయిపోయాక కూడా ఆవిడ శర్వాణి చెయ్యి వదల్లేదు. దర్శకుడు కట్ చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెప్పి, "సాయంత్రం తర్వాతి సీను నీదే, ఉండు" అన్నాడు.

ఆమె సెట్టు బయటికి పరిగెత్తి మాస్టారికి ఫోన్ చేసింది. షాటు బాగా వచ్చిందని, వేషం నిలబడిందని చెప్పాలని ఆత్రం.

ఆమె నోరు తెరిచేలోపే ఆయన అడిగాడు. "పాప దొరికిందా?"

శర్వాణికి చెప్పాలనుకున్నదేదీ గుర్తు రాలేదు.

"ఇంకా లేదు మాస్టారూ," అంది. "వెతుకుతున్నాను."